వెళ్లొస్తాం... ఒకాసాన్!

'జపానా? అక్కడ మన సాంబారు దొరుకుతుందా?'

2024 జులైలో మేం ప్రయాణం కట్టామని తెలియగానే పక్కింటి పిన్నిగారు అడిగిన మొదటి ప్రశ్న ఇది. రెండోది ఇంకాస్త సూటిగా అడిగారు. 'అందరూ పిల్లల్ని అమెరికా పంపిస్తుంటే మీరేంటమ్మా, జపాన్ పంపించారు?'

ఆవిడ అడగడంలో తప్పేం లేదు. మాది కొండాపూర్. సైబర్ టవర్స్‌కి ఆటోలో పది నిమిషాలు, ట్రాఫిక్ ఉంటే ముప్పావుగంట. మా వీధిలో సగానికి పైగా ఇళ్లలో పిల్లలు విదేశాల్లోనే ఉన్నారు. సాయంత్రం పార్కులో నలుగురు ఆడవాళ్లం కలిస్తే డల్లాస్‌లో ఎండలు, న్యూజెర్సీలో మంచు, వీసా ఇంటర్వ్యూలు... ఇవే కబుర్లు. అక్కడ ఫుకువోకా పేరు ఎత్తితే ఎవరికీ తెలియదు. మొదట్లో నాక్కూడా ఆ పేరు నోరు తిరిగేది కాదు.

మావారు రామచంద్రాపురం బీహెచ్ఈఎల్‌లో పనిచేసి రిటైరయ్యారు. మేం ఇక్కడ స్థలం కొన్నది 1997లో. అప్పటికి శిల్పారామం తప్ప చెప్పుకోదగ్గది ఏదీ లేదు. ఎటు చూసినా గుండ్రటి బండలు, వాటి సందుల్లో సీతాఫలం పొదలు. 'ఈ రాళ్లలో ఇల్లేంట్రా?' అని మా మావగారు కోప్పడ్డారు కూడా. మరుసటేడు నవంబరులో అప్పటి ప్రధాని వాజ్‌పేయీ వచ్చి సైబర్ టవర్స్‌ను ప్రారంభించారు. ఇక చూస్తుండగానే బండలు పోయి అద్దాల మేడలు లేచాయి.

2016లో మేడ మీద ఒక గది వేయించాం, అమ్మాయి చదువుకోవడానికి. కిటికీ తెరిస్తే దూరంగా ఆ అద్దాల మేడలే కనిపిస్తాయి. 'ప్రపంచమంతా ఉద్యోగాల కోసం మన వీధి చివరికే వస్తోంది. మనమ్మాయి ఎక్కడికీ వెళ్లక్కర్లేదు. రోజూ క్యారేజీ కట్టి పంపొచ్చు' అనేవారు మావారు. నేనూ అదే నమ్మాను.

కంది నుంచి క్యుషు దాకా

జపాన్ మా ఇంట్లోకి మేం చూడకుండానే వచ్చింది. అమ్మాయికి 2018లో హైదరాబాద్ ఐఐటీలో సీటొచ్చింది. సంగారెడ్డి దగ్గర కందిలో ఉంటుంది ఆ క్యాంపస్. 2008లో ఐఐటీ మొదలైన దగ్గర్నుంచీ జపాన్‌తో దానికి దగ్గరి సంబంధం. క్యాంపస్ కట్టడానికి జపాన్ ప్రభుత్వ సహకార సంస్థ జైకా రుణం ఇచ్చింది. కొన్ని భవనాలకు అక్కడి వాస్తుశిల్పులే రూపమిచ్చారు. విద్యార్థులు జపాన్ వెళ్లి చదువుకోవడానికి స్కాలర్‌షిప్పులూ ఉన్నాయి. మా అమ్మాయి సరదాగా జపనీస్ క్లాసులో చేరింది. సెలవులకి ఇంటికొచ్చినప్పుడు గోడమీద ఆ అక్షరాలు అంటించుకునేది. 'పోన్లే, ఒక భాష వస్తే మంచిదేగా' అనుకున్నాను.

చదువయ్యాక రాయదుర్గంలో ఉద్యోగం వచ్చింది. మావారి కల నిజమైంది. ఆరు నెలలు క్యారేజీ కట్టాను కూడా. ఆ తర్వాత ఒకరోజు అన్నం తింటూ నెమ్మదిగా చెప్పింది. 'నాన్నా, క్యుషు యూనివర్సిటీలో మాస్టర్స్‌కి సీటొచ్చింది. స్కాలర్‌షిప్ కూడా ఇస్తున్నారు.'

అప్పటికే తను చిలుకూరు వెళ్లి పదకొండు ప్రదక్షిణలు చేసి వచ్చిందట. వీసా వచ్చాక నూట ఎనిమిది ప్రదక్షిణల మొక్కు తీర్చడానికి మాత్రం మమ్మల్నీ తీసుకెళ్లింది. 2023 ఏప్రిల్లో, అక్కడ విద్యా సంవత్సరం మొదలయ్యే వేళకి, విమానం ఎక్కేసింది.

మొదటి నెల రోజులూ ఒక జపనీస్ ఇంట్లో ఉంది. హాస్టల్లో చేరాక కూడా ఆదివారాలు అక్కడికే వెళ్లేది. ఆ ఇల్లు ఇతోషిమాలో. ఫుకువోకా నగరానికి పడమట సముద్రం, వరి పొలాలు కలిసి ఉండే ఊరు. ఇంట్లో ఉండేది ఇద్దరే. డెబ్బైకి దగ్గరపడిన భార్యాభర్తలు. అమ్మాయి వాళ్లని ఒకాసాన్, ఒతోసాన్ అనేది.

ఫోనులో రోజూ ఆ పేర్లే. 'ఒకాసాన్ ఇవాళ ముల్లంగి ఉడికించింది... ఒకాసాన్ నాకు స్వెట్టర్ అల్లుతోంది...' ఒకరోజు అడిగాను, ఒకాసాన్ అంటే ఏంటే అని. కాస్త ఆగి చెప్పింది.

'అమ్మ.'

నేనేం అనలేదు. పప్పులో తాలింపు మాడిపోతోందని చెప్పి ఫోను పెట్టేశాను. పొయ్యి మీద ఏమీ లేదు.

'తదాయిమా!'

ప్రయాణానికి మావారు పెట్టె సర్దితే అమ్మాయి వీడియో కాల్‌లో తీయించేసింది. కరివేపాకు రెబ్బలు తీసేయాలి. తాజా ఆకులు, పండ్లు, కూరగాయలు తగిన ధ్రువపత్రం లేకుండా జపాన్‌లోకి తీసుకెళ్లకూడదు. మాంసంతో చేసినవేవీ కుదరదు. చివరికి మాగాయ, గోంగూర పచ్చడి, ఉస్మానియా బిస్కెట్లు, ఇద్దరికీ నారాయణపేట నేత బట్టలు మిగిలాయి.

బ్యాంకాక్‌లో విమానం మారి ఫుకువోకాలో దిగాం. మన శంషాబాద్‌లా కాదు, అక్కడ విమానాశ్రయం ఊరి మధ్యలోనే ఉన్నట్టుంటుంది. మెట్రో ఎక్కితే రెండో స్టేషనే హకాతా, ఊరి నడిబొడ్డు. ఇంకో చిత్రం ఏంటంటే, ఆ మెట్రో రైళ్లలో కొన్ని ఊరు దాటాక మామూలు రైలు పట్టాల మీదికి ఎక్కి నేరుగా ఇతోషిమా వరకూ వెళ్తాయి. ముప్పావు గంట ప్రయాణం. సొరంగంలోంచి బయటికి వచ్చాక ఒక పక్క సముద్రం తొంగి చూసింది. ఇంకాస్త ముందుకెళితే వరి పొలాలు. జులై కదా, నాట్లు కుదురుకుని పచ్చగా ఉన్నాయి. మా తణుకు వైపు వచ్చేశామా అనిపించింది. ఉక్కపోత కూడా అలాగే ఉంది!

పెంకుటిల్లు. తలుపు తీయగానే లోపల ఒక మెట్టు కింద చిన్న జాగా. దాన్ని గెన్‌కాన్ అంటారు. చెప్పులు అక్కడే విప్పి, ముందుకు తిప్పి పెట్టి, పైకెక్కి ఇంటి చెప్పులు తొడుక్కోవాలి. చాపలు పరిచిన గదిలోకి వెళితే అవీ విప్పేయాలి. టాయిలెట్‌కి వేరే చెప్పులు. మొదటిరోజు మావారు ఆ టాయిలెట్ చెప్పులతోనే హాల్లోకి వచ్చి టీ తాగారు. ఒకాసాన్ చూసింది, నవ్వు ఆపుకుంది, ఏమీ అనలేదు.

నేను మాత్రం గుమ్మం దగ్గరే ఆగిపోయాను. మా అమ్మాయి చెప్పులు విప్పుతూ లోపలికి కేక వేసింది. 'తదాయిమా!'

లోపల్నుంచి జవాబు వచ్చింది. 'ఒకాఎరి!'

ఇంటికొచ్చినవాళ్లు 'వచ్చేశాను' అంటారు, ఇంట్లోవాళ్లు 'వచ్చావా' అంటారు. అంతే. రోజూ అనుకునే మాటలు. కానీ నా కూతురు నా కళ్ల ముందు వేరే గుమ్మంలో నిలబడి 'ఇంటికొచ్చాను' అంటుంటే గుండెలో ఎక్కడో కలుక్కుమంది.

స్నానానికో పద్ధతి

సాయంత్రం స్నానాలు. అక్కడ తొట్టి నిండా వేడినీళ్లు పెడతారు. ముందు బయట కూర్చుని సబ్బుతో శుభ్రంగా కడుక్కుని, ఆ తర్వాతే తొట్టిలోకి దిగి కాసేపు కూర్చోవాలి. అవే నీళ్లలో ఇంటిల్లిపాదీ ఒకరి తర్వాత ఒకరు దిగుతారు. మొదటి వంతు అతిథిది. అమ్మాయి ఇదంతా చెప్పింది. మావారు వింటున్నట్టే కనిపించారు.

అరగంట తర్వాత బయటికొచ్చి, 'తొట్టి కూడా శుభ్రంగా కడిగేశా' అన్నారు గర్వంగా. నీళ్లన్నీ వదిలేశారు! అమ్మాయి తలపట్టుకుంది. ఒతోసాన్ మాత్రం పకపకా నవ్వి మళ్లీ కుళాయి తిప్పారు. ఆయన వంతు వచ్చేసరికి రాత్రి పదిన్నర.

ఇక తిండి. మేం శాకాహారులం. జపాన్‌లో అసలు చిక్కు కంటికి కనిపించే చేపతో కాదు, కనిపించని దానితో. వాళ్ల పులుసులకి, కూరలకి ప్రాణం దాషి అనే రసం. మామూలుగా దాన్ని ఎండు చేప తురుముతో కాస్తారు. కూరగాయల పులుసే అనుకుని తాగితే అందులో చేప ఉంటుంది. ఒకాసాన్ మా కోసం కొంబు అనే సముద్రపు నాచు, ఎండు పుట్టగొడుగులు రాత్రంతా నీళ్లలో నానబెట్టి వేరుగా దాషి తీసింది. ఆ గిన్నె మీద కాగితం అంటించింది. దానిమీద మా అమ్మాయి చేత రాయించుకున్న తెలుగు అక్షరాలు: 'అమ్మ, నాన్న'.

జపాన్ వెళ్లేవాళ్లకి నేను చెప్పేది ఒక్కటే. శాకాహారం అని ఊరికే చెప్తే సరిపోదు. దాషిలోనూ చేప వద్దని ముందే చెప్పాలి. చెప్తే వాళ్లు ఎంత శ్రమైనా పడతారు. చెప్పకపోతే వాళ్లకి తెలియదు.

మాకూ వాళ్లకీ మధ్య భాష లేదు. ఉన్నది సెల్‌ఫోనే. వాళ్లు జపనీస్‌లో టైపు చేస్తే తెలుగులో వస్తుంది. రెండోరోజు ఒకాసాన్ నా గోంగూర పచ్చడి రుచి చూసింది. కళ్లనీళ్లు పెట్టుకుని, ఫోనులో ఏదో రాసి చూపించింది. తెరమీద తెలుగులో ఉంది. 'మీ పచ్చడి చాలా బాధాకరంగా ఉంది.'

నా మొహం చిన్నబోయింది. అమ్మాయి పడీపడీ నవ్వి అసలు సంగతి చెప్పింది. జపనీస్‌లో కారానికీ, బాధకీ రాసేది ఒకే అక్షరమట. పలకడంలోనే తేడా. ఫోనుకి ఆ తేడా తెలియలేదు.

పరీక్షల దేవుడు

మూడోరోజు దజాయిఫు తీసుకెళ్లారు. మనకు చిలుకూరు ఎలాగో అక్కడి విద్యార్థులకి దజాయిఫు తెన్‌మంగూ అలాగ. ఆ గుడిలో కొలిచేది ఒకప్పటి మనిషినే. సుగవర నో మిచిజానే అనే పండితుడు. క్యోటో రాజాస్థానంలో పెద్ద పదవిలో ఉండగా గిట్టనివాళ్లు చెప్పిన చాడీలతో 901లో ఆయన్ని దజాయిఫుకి పంపించేశారు. రెండేళ్లకి ఇక్కడే కన్నుమూశారు. తర్వాత ఆయన్నే చదువుల దేవుడిగా కొలవడం మొదలైంది. క్యోటోలో ఆయన పెంచిన ఆప్రికాట్ జాతి చెట్టు, ఉమె అంటారు, యజమాని మీద బెంగతో ఎగురుకుంటూ ఇక్కడికి వచ్చేసిందని కథ. ఆ చెట్టు ఇదేనంటూ గుడి ముందు చూపిస్తారు.

మేం వెళ్లినప్పుడు ప్రధాన మందిరానికి మరమ్మతులు జరుగుతున్నాయి. దాని ముందు తాత్కాలికంగా కట్టిన మందిరం పైకప్పు మీద ఏకంగా చెట్లే పెంచారు! పక్కనే చెక్క పలకలు వేలాడదీసి ఉన్నాయి. పిల్లలు తమ కోరికలు వాటిమీద రాసి కడతారు. ఫలానా యూనివర్సిటీలో సీటు రావాలి, ఫలానా పరీక్ష గట్టెక్కాలి... చదవడం రాకపోయినా ఆ ఆత్రం తెలిసిపోతోంది. చిలుకూరులో చేతిలో కార్డు పట్టుకుని ప్రదక్షిణలు లెక్కపెట్టుకునే పిల్లల మొహాలే గుర్తొచ్చాయి.

అమ్మాయి కూడా ఒక పలక కొని ఏదో రాసింది. జపనీస్‌లో. ఏం రాశావే అంటే, 'బయటికి చెప్పకూడదమ్మా' అంది. ఒకాసాన్ అది చదివి తల వంచుకుంది. నాకు అర్థం కాలేదు.

సాయంత్రం ఇతోషిమా తీరానికి వెళ్లాం. సకురాయి ఫుతామిగవురా. సముద్రంలో పక్కపక్కనే రెండు బండలు. వాటిని భార్యాభర్తలుగా భావించి, రెంటినీ కలుపుతూ గడ్డితో పేనిన పెద్ద మోకు కడతారు. ఏటా కొత్తది పేని మారుస్తారు. ఒడ్డున నీళ్లలో తెల్లటి తోరణం. మావారు చాలాసేపు వాటినే చూస్తూ నిలబడ్డారు. 'మనమేమో బాంబులు పెట్టి పేల్చేశాం. వీళ్లు తాడు కట్టి దండం పెడుతున్నారు' అన్నారు. హైదరాబాద్ బండల వయసు రెండున్నర వందల కోట్ల ఏళ్లని శాస్త్రవేత్తలు చెబుతారు. వాటిని కాపాడుకుందామంటూ 1996 నుంచి ఒక సంఘం కూడా పనిచేస్తోంది. మా ఇంటి పునాది తవ్వినప్పుడు పగిలిన బండ సంగతి మావారికి గుర్తొచ్చినట్టుంది. దారంతా మాట్లాడలేదు.

మాగాయా... ఉమెబోషీ

నాలుగోరోజు పొద్దున్నే లేచేసరికి పెరట్లో ఒకాసాన్ వెదురు తట్టలు పరుస్తోంది. వాటి నిండా ఎర్రటి కాయలు. దగ్గరికెళ్లి వాసన చూశాను. ఉప్పు, పులుపు, ఎండ. మా అమ్మమ్మగారి డాబా వాసన!

ఉమెబోషి అంటారట. జూన్‌లో ఉమె కాయలు కోసి ఉప్పులో వేసి పైన బరువు పెడతారు. నాలుగు రోజుల్లో ఊట పైకొస్తుంది. ఎర్రటి షిసో ఆకులు కలిపి వానలు వెళ్లేదాకా ఊరనిస్తారు. వానలు ఆగగానే మూడు రోజులు ఎండలో పెడతారు. కొందరు మళ్లీ ఆ ఊటలోనే వేసి జాడీలకెత్తుతారు. ఏళ్ల తరబడి నిలవుంటుంది.

మరి మన మాగాయ? మామిడి ముక్కలు ఉప్పులో ఊరేయడం, ఊట పిండి ఎండలో పెట్టడం, మళ్లీ ఊటలో వేయడం. మెంతిపిండి, కారం తప్ప తేడా ఏముంది? నేను లోపలికి పరుగెత్తి సీసా తెచ్చి చూపించాను. ఒకాసాన్ ఒక ముక్క తీసి, ఎండకి పట్టి చూసి, 'ఆఁ!' అంది. ఆ తర్వాత మాకు ఫోను అక్కర్లేకపోయింది. ఇద్దరం కింద కూర్చుని కాయలు ఒక్కొక్కటీ తిరగేశాం.

కాసేపటికి ఆవిడే ఫోను తీసింది. చాలాసేపు రాసింది. నాకు చూపించింది.

'మీ అమ్మాయికి ఇక్కడ ఉద్యోగం వచ్చింది. వచ్చే ఏప్రిల్‌లో చేరాలి. మీకు ఎలా చెప్పాలో తెలియక వారం నుంచి సరిగా నిద్రపోవడం లేదు. మీరు కోప్పడవద్దు.'

రెండుసార్లు చదివాను. ఉద్యోగం సంగతి కాదు నన్ను కోసింది. నాకంటే ముందు ఈవిడకి తెలియడం. అంతకుముందు ఏడాది జ్వరం వచ్చినప్పుడు కూడా ఇంతే. ఈవిడ హాస్టల్‌కి వెళ్లి గంజిలాంటి అన్నం, అందులో ఒక ఉమెబోషి వేసి తినిపించిందట. నాకు ఆరు నెలల తర్వాత తెలిసింది.

ఫోను తీసుకుని రాశాను, చేతులు వణుకుతుంటే. 'నాకెందుకు చెప్పలేదు?'

ఒకాసాన్ చదివింది. కాయలు తిరగేస్తూనే ఆలోచించింది. ఆ తర్వాత రాసింది.

'నాకు చెప్పడం తేలిక. నేను బాధపడను కదా. మా పెద్దబ్బాయి టోక్యోలోనే ఉండిపోతానన్న సంగతి కూడా ముందు తన గురువుగారికే చెప్పాడు. మాకు చివర చెప్పాడు. చివర చెప్పేది ఎక్కువ ప్రేమ ఉన్నవాళ్లకి.'

వాళ్లకి ఇద్దరు కొడుకులు. ఇద్దరూ టోక్యోలోనే. మా అమ్మాయి నిద్రపోయేది ఆ పెద్దబ్బాయి గదిలోనే. గోడమీద అతని చిన్నప్పటి బేస్‌బాల్ టోపీ ఇంకా వేలాడుతోంది. నేను మూడు రోజులుగా ఆ టోపీని చూస్తున్నాను గానీ, అది ఎవరిదని అడగలేదు. నా కూతుర్ని ఎవరో లాగేసుకున్నారన్న ధ్యాసలో, ఆ ఇంట్లోనూ ఒక గది ఖాళీగా ఉందన్న సంగతి నాకు తట్టనేలేదు.

ఆ రాత్రి నేనే అమ్మాయిని అడిగాను. 'జీతం ఎంతే?' అని. అది బిత్తరపోయి చూసి, నా ఒళ్లో తలపెట్టుకుని ఏడ్చేసింది. మావారు కిటికీలోంచి చూస్తూ, 'క్యారేజీ ఎలా పంపాలో చూడాలి' అన్నారు.

మేడ మీది గదిలో

రమ్మని నోటిమాటగా అనేసి వచ్చాం. వాళ్లు నిజంగానే వచ్చారు. 2025 జనవరి 11న శంషాబాద్‌లో దిగారు. అమ్మాయికి లేబొరేటరీ పని, థీసిస్. రాలేకపోయింది. అంటే మధ్యలో మనిషి లేకుండా మేం నలుగురమే, రెండు ఫోన్లు.

మేడ మీది గది వాళ్లకిచ్చాం. గుమ్మం దగ్గర చెప్పులు విప్పి ముందుకు తిప్పి పెట్టారు. మా చెప్పులు కూడా తిప్పి పెట్టారు. ఒతోసాన్ స్నానానికి వెళ్తుంటే మావారు గట్టిగా చెప్పారు, 'ఇక్కడ నీళ్లు వదిలేయొచ్చు!' ఫోను ఏం అనువదించిందో గానీ ఇద్దరూ విరగబడి నవ్వారు.

భోగినాడు తెల్లవారుజామున వీధిలో మంట వేశాం. సంక్రాంతి పొద్దున నేను ముగ్గు పెడుతుంటే ఒకాసాన్ పక్కన కూర్చుని ఒక్కో చుక్కా లెక్కపెట్టింది. గొబ్బెమ్మ మీద గుమ్మడిపువ్వు గుచ్చే పని ఆవిడకే ఇచ్చాను. అరిసె తిని, 'బియ్యప్పిండి?' అని సైగ చేసింది. వాళ్లకీ కొత్త సంవత్సరం పండక్కి బియ్యంతో చేసే మోచీయే ముఖ్యం.

మధ్యాహ్నం హైటెక్ సిటీ చూపిద్దామని బయల్దేరాం. సైబర్ టవర్స్ కూడలిలో మావారు ఎప్పటిలా, 'ఇక్కడ విపరీతమైన ట్రాఫిక్...' అని మొదలుపెట్టి ఆగిపోయారు. రోడ్డు బోసిగా ఉంది. ఒక ఆటో, రెండు బైకులు. హోటళ్లు సగం మూసేశారు. ఒతోసాన్ ఆ అద్దాల మేడల్ని కింద నుంచి పైకి చూసి ఫోనులో రాశారు. 'ఇందులో పనిచేసేవాళ్లంతా ఏమయ్యారు?'

'ఊళ్లకు వెళ్లారు. పండగ కదా' అని రాశాను. విజయవాడ హైవే మీద టోల్‌గేటు దగ్గర కార్ల బారులు మొన్న టీవీలో వచ్చాయి, ఆ వీడియో చూపించాను.

ఆయన మొహం వెలిగింది. 'ఒబోన్!' అన్నారు. ఆగస్టు నడుమ వచ్చే పెద్దల పండగ అది. టోక్యో నుంచి జనం సొంతూళ్లకు కదులుతారు. రైళ్లు కిక్కిరిసిపోతాయి. 'ఆ నాలుగు రోజులే మా ఇంట్లో చెప్పులు ఎక్కువ కనిపిస్తాయి' అన్నారు. హైటెక్ సిటీని ఇన్నేళ్లుగా చూస్తున్నాను. ఇక్కడున్నవాళ్లంతా ఎవరో ఒక అమ్మకి దూరంగా ఉన్న పిల్లలేనని ఆ ఖాళీ రోడ్డు మీద నిలబడితేనే తెలిసింది. డల్లాస్ నుంచి వాళ్ల పిల్లలు రావాలని మేం ఎదురుచూస్తాం. కొండాపూర్ నుంచి మేం రావాలని తణుకులో మా అమ్మ ఎదురుచూస్తుంది. ఆ సంక్రాంతికి నేనూ వెళ్లలేదు.

మెట్రోలో రాయదుర్గం వరకూ వెళ్లొచ్చాం. సాయంత్రం దుర్గం చెరువు. కుతుబ్‌షాహీల కాలంలో గోల్కొండకి నీళ్లిచ్చిన చెరువు అది. 2020లో తెరిచిన తీగల వంతెన మీద దీపాలు వెలుగుతున్నాయి. ఒతోసాన్ వంతెనని ఒకే ఒక ఫొటో తీశారు. గట్టు మీద మిగిలిన బండల్ని మాత్రం ఇరవై తీశారు. చివర్లో రెండు బండలు పక్కపక్కనే ఉన్నచోట ఆగి, చేతులతో మోకు కట్టినట్టు సైగ చేసి చూపించారు. మావారు ఆయన భుజం తట్టారు.

మర్నాడు పొద్దున కాఫీ తీసుకుని మేడెక్కాను. ఒకాసాన్ కిటికీ దగ్గర నిలబడి ఉంది. గోడమీద అమ్మాయి అప్పుడెప్పుడో అంటించిన జపనీస్ అక్షరాల కాగితాలు ఇంకా ఉన్నాయి. వాటిని వేలితో తాకి, ఒక అక్షరం తప్పు రాసిందని చూపించి నవ్వింది. తర్వాత ఫోను తెరిచింది. 'మా అబ్బాయి గదిలో మీ అమ్మాయి. మీ అమ్మాయి గదిలో నేను. గదులు ఖాళీగా ఉండకూడదు.'

అప్పుడు అడిగాను, దజాయిఫులో పలక మీద అమ్మాయి ఏం రాసిందని. చెప్పనంటుందేమో అనుకున్నాను. చెప్పింది. 'మా ఇద్దరు అమ్మలూ ఒకరినొకరు ఇష్టపడాలి.'

ఆ మాటలో సగం

శంషాబాద్‌లో వాళ్లని దిగబెట్టడానికి వెళ్లాం. ఒకాసాన్ బ్యాగులో మాగాయ సీసా. మా ఇంట్లో ఉమెబోషి జాడీ. లోపలికి వెళ్లేముందు ఇద్దరూ వంగి నమస్కరించారు. 'సయోనరా' అంటారేమో అనుకున్నాను. ఒకాసాన్ మా అమ్మాయి దగ్గర నేర్చుకుని వచ్చినట్టుంది, ఒక్కో అక్షరం కూడబలుక్కుంటూ తెలుగులో అంది.

'వెళ్... లొస్... తాం.'

ఇల్లు కదిలేటప్పుడు జపనీయులు 'ఇత్తెకిమాస్' అంటారు. ఇతోషిమాలో అమ్మాయి రోజూ గుమ్మంలో అనేది. మాట విడదీస్తే 'వెళ్లి వస్తాను' అనే అర్థమట. ఇంట్లోవాళ్లు 'ఇత్తెరష్షాయ్' అంటారు. అంటే 'వెళ్లి రా'. 'వెళ్తున్నా' అంటే మనింట్లో పెద్దవాళ్లు, 'తప్పు, వెళ్లొస్తా అనాలి' అని సరిదిద్దుతారు కదా. ఇన్ని వేల మైళ్ల అవతల కూడా సరిగ్గా అదే మాట!

అమ్మాయి 2025 ఏప్రిల్‌లో ఉద్యోగంలో చేరింది. మొదటిరోజు పొద్దున ఫోను చేసింది. మనకు తెల్లవారుజాము నాలుగు. 'అమ్మా, వెళ్లొస్తా' అంది. 2023లో విమానం ఎక్కేటప్పుడూ అదే అంది. కానీ ఇన్నాళ్లూ నేను ఆ మాటలో మొదటి సగమే విన్నాను.

'ఇత్తెరష్షాయ్' అన్నాను. అవతల నవ్వు వినిపించింది.

ఫోను పెట్టేసి మేడెక్కాను. దుప్పట్లు ఎండలో వేయాలి. ఆగస్టులో ఒబోన్ సెలవులకి వస్తానంది.